వాతల మధ్య దారి

మా అత్త మునివెంకటమ్మ పేరు చెబితే తమిళనాడులోని మా మహేంద్రమంగళంలోనే కాదు, చుట్టుపక్కల పల్లెల్లో కూడా చంటిబిడ్డలున్న వాళ్లు చేతులు జోడించేవాళ్లు. బిడ్డకు కడుపు ఉబ్బినా, కళ్లు పచ్చబడ్డా, ఏడుపు ఆగకపోయినా ఎత్తుకుని మా ఇంటికే పరుగెత్తుకొచ్చేవాళ్లు. ఆమె పొయ్యిలో సన్నని ఇనుప కమ్మి పెట్టి, కొన ఎర్రబడ్డాక బిడ్డ పొట్ట మీద వాతలు పెట్టేది. మా వైపు దాన్ని సూడు అంటారు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చేది, తల్లి మొహం తిప్పుకునేది, మా అత్త ఆముదం రాసి "పో, ఇంక భయం లేదు" అని పంపేది. బతికిన బిడ్డలంతా ఆమె చేతి చలవ. బతకని బిడ్డలు మాత్రం దేవుడి ఇష్టం. ఈ న్యాయం నాకు ఏనాడూ కొరుకుడు పడలేదు.

నా కొడుకు ప్రభు చంటివాడుగా ఉన్నప్పుడు విరేచనాలు పట్టుకుంటే ఆమె నన్ను ఒక్క మాటైనా అడగకుండా కమ్మి పొయ్యిలో పెట్టింది. నేను బిడ్డను చంకనేసుకుని, చెప్పులు కూడా లేకుండా పాలక్కోడు బస్సెక్కేశాను. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక ఆమె నాతో మాట్లాడటం మానేసింది. ఆకలైతే గోడతో చెప్పేది, "ఈ ఇంట్లో అన్నం ఉడికిందో లేదో" అని. నేనూ గోడతోనే "ఉడికింది, వచ్చి తినమను" అనేదాన్ని. ప్రభు నడక నేర్చాక వాడే మా ఇద్దరి మధ్యా తిరిగి ఆ మౌనాన్ని చెడగొట్టాడు. అయినా ఆమె నన్ను పొగరుబోతు అనడం మానలేదు, నేను ఆమెను మొండి ముసలిది అనుకోవడం మానలేదు. ఇద్దరం అనుకున్నదీ నిజమే లెండి.

సరసు వదిన ఆమె పెద్ద కూతురు, మా ఆయనకు అక్క. తుంబలహళ్లిలో డ్యాం కింద పొలమున్న కృష్ణప్పకు ఇచ్చారు. తల్లికీ కూతురికీ పోలికే లేదు. వదిన ఎవరి మనసూ నొప్పించే మనిషి కాదు. కూరలో ఉప్పు ఎక్కువైతే బాగుందని చెప్పి ఇంకోసారి వేయించుకునే రకం. అందుకే ఒంట్లో బాగాలేదన్న సంగతి కూడా మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నెలలో సగం రోజులు రక్తం పోతూనే ఉండేదట. టమోటా కోతకు వంగితే లేవలేక గట్టు మీద కూర్చుండిపోయేదట. ఒకసారి నేను వెళ్లి చూస్తే పెదాలు సున్నంలా ఉన్నాయి. కృష్ణప్పన్నను నోటికొచ్చినట్టు తిట్టి, ఆమెను ధర్మపురికి తీసుకుపోయాను.

స్కాన్‌లో గర్భసంచిలో పెద్ద గడ్డ కనబడింది. క్యాన్సర్ కాదన్నారు, కానీ రక్తాన్నంతా తోడేస్తున్నది అదేనట. సంచి తీసేస్తే సరిపోతుందన్నారు. తీరా గుండె పరీక్ష చేస్తే ఇంకో సంగతి బయటపడింది. చిన్నప్పుడెప్పుడో వచ్చిన జ్వరం ఆమె గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయిందట. సేలంలో పెద్ద డాక్టరు అన్నీ చూసి, "మత్తిచ్చి కోస్తే ఈమె మళ్లీ లేస్తుందని నేను మాటివ్వలేను" అన్నాడు. అలాగని రక్తం ఇలాగే పోతూ ఉంటే ఆ గుండె ఎన్నాళ్లు లాగుతుందో అదీ చెప్పలేనన్నాడు. కోస్తే ఒక భయం, కోయకుంటే అంతకంటే భయం. తిరుగు బస్సులో వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుని "నా టమోటాకు ఎవరు నీళ్లు కడతారో" అంది. నాకు ఏడుపొచ్చింది.

ఆ డాక్టరే దారి కూడా చూపించాడు. బెంగళూరులో ఒక ఆస్పత్రిలో కత్తి పెట్టకుండా గడ్డలు కాల్చే కొత్త వైద్యం పరిశోధనగా చేస్తున్నారని, డబ్బు తీసుకోరని చెప్పి పంపాడు. 2009 వేసవి అది. నేను, కృష్ణప్పన్న, వదిన వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ షర్మిళ కన్నడం రాని మమ్మల్ని తమిళంలోనే పలకరించేసరికి మాకు ప్రాణం లేచొచ్చింది.

"చెవికి వినబడని శబ్దాన్ని పొట్టలోకి వందల దారుల్లో పంపుతాం," అని చెప్పిందామె. "ఒక్కో దారిలో పోయే శబ్దానికి బలం ఉండదు, ఏమీ చేయదు. అవన్నీ గడ్డలో ఒక్క చుక్క దగ్గర కలుస్తాయి. కలిసిన చోట మాత్రం వేడి పుట్టి గడ్డ ఉడికిపోతుంది. ఎక్కడ కాలుతోందో, ఎంత కాలుతోందో ఎమ్మారై బొమ్మలో చూస్తూ ఒక్కొక్క చుక్కే కాల్చుకుంటూ పోతాం. పూర్తి మత్తు అక్కర్లేదు."

ప్రభు భూతద్దంతో ఎండను ఒకచోటికి చేర్చి కాగితం కాల్చే ఆట ఆడతాడు కాబట్టి నాకు అర్థమైంది. ఇదివరకు పొట్ట మీద ఆపరేషన్లేమైనా అయ్యాయా అని ఒక కుర్ర డాక్టరు అడిగాడు. లేదంది వదిన. నిజమే, కాన్పులు కూడా ఇంటి కాన్పులే. ఎమ్మారై తీసి, ఈమెకు చేయొచ్చని చెప్పి, ఫలానా రోజు రమ్మన్నారు.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా అత్త మొహం వెలిగిపోయింది.

"అంటే సూడే కదా!" అంది. "నేను ఇన్నేండ్లు చేసింది అదే కదా. కమ్మి బదులు శబ్దం పెట్టుకున్నారు, అంతే. ఎవరో నన్ను మొండిది అనిరి, ఇప్పుడు చెప్పమను."

"మీరు తోలు కాల్చినారత్తా. వాళ్లు తోలు ముట్టకుండా లోపల కాలుస్తారు" అన్నాను.

"వేడి వేడే. నేనూ వస్తాను. నా బిడ్డకు ఎట్ల పెడతారో చూడల్ల."

పాలక్కోడులో రైలెక్కింది మొదలు హోసూరు దాకా ఎదురుగా ఎవరు కూర్చుంటే వాళ్లకు ఇదే ఉపన్యాసం. "పెద్దాస్పత్రిలో ఇప్పుడు సూడే పెడుతున్నారు, రొంబ పెద్ద చదువులు చదివినోళ్లు" అని చేతులు తిప్పుతూ చెప్పింది. ఒక ముసలాయన నిజమేనా అన్నట్టు నా వైపు చూశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వదిన భయపడి ఉందని నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆస్పత్రిలో ఒంటి మీద ఏ లోహమూ ఉండకూడదన్నారు. వదిన కమ్మలు, మెట్టెలు, ముక్కుపుడక తీసి నా చేతిలో పెట్టింది. తాళి కూడా అనేసరికి బిత్తరపోయింది. మా అత్త దానికి సిద్ధపడే వచ్చింది. పసుపు కొమ్ము కట్టిన తాడు కొంగున ముడేసుకుని తెచ్చింది. దాన్ని కృష్ణప్పన్న చేత మెళ్లో కట్టించాకే బంగారం తీయనిచ్చింది. ఆ ఒక్క విషయంలో ఆమె ముందుచూపును మెచ్చుకోక తప్పలేదు.

వదినను లోపలికి తీసుకుపోయిన కాసేపటికే నర్సు వచ్చి ఆడవాళ్లిద్దరూ రండి అని పిలిచింది. వదిన మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. డాక్టరమ్మ చిన్న లైటు పట్టుకుని ఆమె పొట్ట మీదికి వంగి ఉంది. కాన్పుల చారల మధ్య, బొడ్డు చుట్టూ, తెల్లటి చిన్న చిన్న గుండ్రని మచ్చలు.

"ఇవేమిటి? నాకెవరూ చెప్పలేదే" అంది డాక్టరమ్మ.

చెప్పాలని మాకెవరికి తోస్తుంది? వాళ్లు ఆపరేషన్ గురించి అడిగారు. మా ఊళ్లో బొడ్డు చుట్టూ మచ్చలుండటం ముక్కుకు కన్నాలుండటం లాంటిదే, ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోరు.

"మచ్చ పడ్డ చర్మంలోంచి శబ్దం సాఫీగా పోదమ్మా," అంది ఆమె. "అక్కడే చిక్కుకుని చర్మాన్ని కాల్చేస్తుంది. లోతు మచ్చ అయితే కింద కండ కూడా కాలుతుంది. పోనీ తప్పించి పంపుదామంటే ఇవి ఎమ్మారై బొమ్మలో కనబడవు. అసలు ఎలా వచ్చాయివి?"

నేను మా అత్త వైపు చూశాను. ఆమెకు ప్రతి మాటా అర్థమైంది. రైల్లో అంత మాట్లాడిన మనిషి గోడకు అతుక్కుపోయి నిలబడింది. ఇన్నేళ్లుగా నేను కడుపులో పెట్టుకున్న మాట నాలుక చివరికొచ్చింది. కానీ నాకంటే ముందు వదిన నోరు తెరిచింది.

"చిన్నప్పుడు వేడి గంజి పడింది డాక్టరమ్మా. నేనే ఆడుకుంటా తపిలె లాగుకున్నాను."

రెప్ప కూడా వేయలేదు. తల్లి వైపు చూడనైనా లేదు. డాక్టరమ్మ నిట్టూర్చి చేతి తొడుగులు తీసేసింది.

"ఇప్పుడు ఈ చుక్కలే కనబడుతున్నా, గంజి అయితే పొట్టంతా పరుచుకుని కాలి ఉంటుంది. పైకి మానినట్టున్నా లోపల ఎక్కడెక్కడ గట్టిపడిందో నేను చెప్పలేను. అలాంటి చోట నేను శబ్దం పంపను. క్షమించండి, ఇంటికి తీసుకుపోండి."

"సరి డాక్టరమ్మా" అంది వదిన.

ప్రాణం మీదికొచ్చినా సరి అనే మనిషి! నాకు తల్లి కంటే కూతురి మీద ఎక్కువ కోపం వచ్చింది. "ఏం వదినా, చచ్చిపోతావా?" అని అరిచేశాను. ఆ మాట ఆ గదిలో పడగానే మా అత్త గోడ వదిలి ముందుకొచ్చింది.

"గంజి లేదు, గింజి లేదు," అంది. "నేను పెట్టినాను. కమ్మి కాల్చి, ఈ చేత్తోనే పెట్టినాను."

"అమ్మా, సుమ్మా ఉండు" అని ఆపబోయింది వదిన.

"నువ్వు సుమ్మా ఉండు." డాక్టరమ్మ వైపు తిరిగి తమిళంలో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి వచ్చేసింది. "దీనికి ముందర ఇద్దరు పోయినారు. పాలు తాగక, కడుపు ఉబ్బి పోయినారు. సూడు పెట్టమని అందరూ చెప్పిరి. నాకు చెయ్యి రాలేదు, పెట్టలేదు. దీనికీ అట్లే ఉబ్బింది. ఇంక భయపడకూడదని పెట్టినాను. ఇది బతికింది. అది చూసి ఊరు ఊరంతా బిడ్డల్ని తెచ్చి నా ఒడిలో పెట్టిరి. పెట్టనంటే ఎట్ల?"

ఇన్నేళ్ల కాపురంలో ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. విన్నంత మాత్రాన వాతలు పెట్టడం మంచిదని నేను ఒప్పుకోను, ఇప్పటికీ ఒప్పుకోను. కానీ దాచి దాచి తెచ్చిన కోపాన్ని ఎవరి మీద పోయాలో ఆ క్షణాన తోచలేదు.

ఆమె తెలుగులో చెప్పిన మిగతా సగాన్ని నేను డాక్టరమ్మకు తమిళంలో చెప్పాను. విన్న డాక్టరమ్మ మొహంలో కోపం ఉంది. తర్వాత మళ్లీ తొడుగులు వేసుకుంది.

"కమ్మి అయితే వేరు. చుక్కలు చుక్కలుగా ఉంటాయి, వాటి మధ్య చర్మం బాగుంటుంది. ఆ మధ్యలోంచి పంపొచ్చు. పాట్టీ, కమ్మి ఎంత కాలింది? ఎంత లోతు దిగింది? తెలుసా మీకు?" అంది, మా అత్తను తమిళంలో అవ్వా అని పిలుస్తూ.

మా అత్త ఎడమ చేతి గాజులు పైకి తోసి, చెయ్యి వెల్లకిలా తిప్పి చాచింది. మోచేతి మడత నుంచి మణికట్టు దాకా చిన్న చిన్న తెల్లటి మచ్చలు, ఒకదాని పక్కన ఒకటి.

"బిడ్డకు పెట్టే ముందర నాకు పెట్టుకుంటాను. వేడి తెలియల్ల కదా. నేను తాళలేకుంటే ఆర్చి పెడతాను." మోచేతి దగ్గర ఒకదాని మీద వేలు పెట్టింది. "మొదటిది ఇది. ఇది సరసుది."

ఆ చేత్తో ఆమె నాకు రోజూ అన్నం వడ్డించింది. అవి పొయ్యి దగ్గర కాలిన మచ్చలనే నేను అనుకున్నాను. వదిన కూడా తల ఎత్తి ఆ చేతినే చూస్తోంది. ఆమెకూ తెలియదని ఆ చూపుతోనే అర్థమైంది.

డాక్టరమ్మ ఆ మచ్చను రెండు వేళ్లతో పట్టి నొక్కి చూసింది. వదిన పొట్ట మీది మచ్చనూ అలాగే నొక్కింది. "చర్మం దాటి పోలేదు" అని, నర్సుతో ఒక చిన్న సీసా తెప్పించింది. అందులో తేనె రంగు జిగురు మందు ఉంది.

"ఇందులో ఇనుప పొడి ఉంది, కంటికి కనబడనంత సన్నం. నానో పార్టికల్స్ అంటారు. మచ్చల మీద పూస్తే ఆ చోట్లు బొమ్మలో నల్లగా పడతాయి. ఆ నలుపు తప్పించి శబ్దాన్ని తిప్పుకుంటాం."

"ఇనుమేనా?" అంది మా అత్త.

"ఇనుమే పాట్టీ. కాల్చేది కాదు, గుర్తు చూపించేది. కానీ నాకు కొన్నే కనబడుతున్నాయి. కాన్పుల చారల్లో కొన్ని కలిసిపోయాయి. ఒక్కటి వదిలినా అక్కడ కాలుతుంది."

మా అత్త చేతులు కడుక్కుని వచ్చింది. ఆమె కంటితో వెతకలేదు, వేలి కొనతో వెతికింది. బొడ్డు నుంచి మొదలుపెట్టి మెల్లగా తడుముకుంటూ పోయింది. వేలు ఆగిన చోటల్లా డాక్టరమ్మ కూడా నొక్కి చూసి, ఔనని మందు పూసింది. ఒకచోట మాత్రం మా అత్త వేలు వరస తప్పి బాగా పక్కకు పోయి ఆగింది.

"ఇక్కడొకటి ఉండాది. అప్పుడు ఇది కాలు విదిలించింది. కమ్మి జారిపోయింది."

"నాకేమీ గుర్తు లేదు లేమ్మా" అంది వదిన.

"నీకెట్ల ఉంటుంది? నాకుండాది."

ఆమె కన్నీళ్లు వదిన పొట్ట మీద పడ్డాయి. డాక్టరమ్మ ఆ తడిని దూదితో అద్ది, చెదిరిన చోట మళ్లీ పూసింది.

తర్వాత వదినను పెద్ద మిషను బల్ల మీద, నీళ్ల సంచికి పొట్ట ఆనేలా బోర్లా పడుకోబెట్టారు. చేతిలో ఒక బటన్ ఇచ్చి, కాలుతున్నట్టుంటే వెంటనే నొక్కమన్నారు. నేను ఆమె చెవి దగ్గరికి వంగి, "వదినా, నొప్పి అయితే నొక్కల్ల. పరవాలేదు పరవాలేదు అంటావేమో, ఇది మన ఇల్లు కాదు" అన్నాను. ఆమె నవ్వింది.

మేం బయట బల్ల మీద కూర్చున్నాం. కృష్ణప్పన్న ఇడ్లీ పొట్లాలు తెచ్చాడు. మా అత్త ముట్టలేదు. పక్కనున్నావిడ మీ వాళ్లకు ఏం చేస్తున్నారమ్మా అని అడిగితే రైల్లో అంత ఉపన్యాసమిచ్చిన మనిషి తల అడ్డంగా ఊపి ఊరుకుంది. లోపల ఏ చప్పుడూ లేదు. వినబడని శబ్దం అని చెప్పినా, నాకు మాత్రం చెవులు ఆ తలుపు మీదే ఉన్నాయి. మధ్యలో నర్సు వచ్చి, వదిన బటన్ నొక్కితే ఆపి, దారి కాస్త మార్చి మళ్లీ మొదలుపెట్టారని చెప్పింది. ఆమె నొప్పి అని ఒప్పుకోవడం నేను ఎరిగినంతలో అదే మొదలు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

పొద్దు వాలాక డాక్టరమ్మ నన్ను కంప్యూటర్ గదిలోకి పిలిచింది. వదిన పొట్ట బొమ్మ చూపించింది. నెత్తురు పారే చోట తెల్లగా, చచ్చిపోయిన చోట నల్లగా ఉంటుందట. గడ్డ చాలావరకు నల్లబడింది. ముందు వైపు మాత్రం ఒక తెల్లటి పట్టీ మిగిలింది.

"అక్కడికి పోవాలంటే మచ్చల్లోంచే పోవాలి. ఎన్ని విధాల తిప్పినా కుదరలేదు, వదిలేశాను," అంది. "చర్మం ఎక్కడా కాలలేదు. ఇంతమాత్రం కాలినా చాలు, రక్తం తగ్గుతుంది, గుండె తట్టుకుంటుంది. మిగిలింది మళ్లీ పెరిగితే అప్పుడు చూద్దాం. మీ వదినకూ చెప్పాను."

నేను బయటికొచ్చేసరికి వదినను తోపుడు మంచం మీద తెచ్చి మా అత్త పక్కన ఆపారు. మొహం వాడిపోయి ఉన్నా నవ్వుతోంది. "అంతా పోయిందంట అమ్మా. కొంచెం కూడా లేదంట" అంటోంది.

మా అత్త ఆమె తల నిమిరింది, నుదుటి మీద చెమట కొంగుతో తుడిచింది. తర్వాత నా దగ్గరికి వచ్చి మోచెయ్యి పట్టుకుని దూరంగా తీసుకుపోయింది.

"అది అట్లే చెప్తుంది. నా కోసరం గంజి కథ చెప్పింది కదా," అంది. "నువ్వు నా కోసరం అబద్ధం చెప్పేదానివి కాదు. చెప్పు శశికళా, ఏమన్నా మిగిలిందా?"

ఈ ముసలిదాని తప్పు ఆమె మొహం మీదే చెప్పే రోజు రావాలని నేను ఎన్నిసార్లు కోరుకున్నానో. వచ్చింది. లేదు అత్తా, అంతా పోయింది అని అనేస్తే ఎంత సులువుగా ఉండేదో. ఆమె కళ్లు నా పెదాల మీదే ఉన్నాయి.

"మిగిలింది అత్తా. కొంచెం."

"నేను పెట్టిన చోటేనా?"

"అవును. ఆ మచ్చల వెనకే."

ఆమె కళ్లు మూసుకుంది. నా మోచేతి మీద పట్టు బిగిసి ఆమె గాజులు నాకు గుచ్చుకున్నాయి. నేను చెయ్యి లాక్కోలేదు. అటూ ఇటూ మనుషులు తిరుగుతున్నారు, మేమిద్దరం అలాగే నిలబడ్డాం.

"బతుకుతుందా?" అంది చివరికి.

"బతుకుతుంది అత్తా. డాక్టరమ్మ చెప్పింది. బతుకుతుంది."

ఆమె కళ్లు తెరిచి నా మొహాన్ని వెతికి వెతికి చూసింది. తర్వాత నా భుజం మీద తల పెట్టుకుని, పక్కవాళ్లు తిరిగి చూస్తున్నా లెక్కచేయకుండా ఏడ్చింది. మొదటి ప్రశ్నకు నేను లేదని అబద్ధం చెప్పి ఉంటే, బతుకుతుందన్న ఈ మాటను ఆమె నమ్మేది కాదు.